కరెంటు పోయాక కూడా లెక్క తప్పకూడదంటే

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో కొత్త టేబుల్ పెట్టేటప్పుడు కమాండ్ చివర "ఇంజన్" అని ఒక మాట రాసి, దాని పక్కన ఇన్నోడీబీ అనో మైఐసామ్ అనో పేరు ఇవ్వొచ్చు. రాయకపోయినా టేబుల్ తయారవుతుంది, సర్వర్ తన డిఫాల్టు ఇంజన్‌ను వేసుకుంటుంది. ఆ మాట వల్ల పైకి కనిపించే మార్పు దాదాపు ఏమీ ఉండదు. అవే కాలమ్‌లు, అవే క్వెరీలు, అవే జవాబులు. కానీ ఆ టేబుల్‌లోని వరుసలు డిస్క్ మీద ఏ రూపంలో ఉంటాయి, ఇద్దరు ఒకేసారి మార్చబోతే ఎవరు ఆగాలి, రాస్తుండగా కరెంటు పోతే ఏం మిగులుతుంది అన్న మూడు సంగతులూ ఆ ఒక్క మాటతోనే తేలిపోతాయి. డేటాను దాచి, వెతికి, తెచ్చి ఇచ్చే ఆ అడుగు భాగాన్నే స్టోరేజ్ ఇంజన్ అంటారు. బస్సు టికెట్టు, ఆసుపత్రిలో పేరు నమోదు, కాలేజీ ఫీజు, దుకాణం బిల్లు అన్నీ చివరికి ఏదో ఒక ఇంజన్ చేతికే వెళ్తాయి. అందుకే దాని ఎంపికను ప్రోగ్రామర్ల సొంత గొడవ అనుకుని వదిలేయడానికి లేదు.

ఇంజన్‌ను ఎంచుకునేటప్పుడు చాలామంది ముందుగా అడిగేది "ఏది వేగం?" అని. ఆ ప్రశ్న రెండోదిగా అడగాలన్నది నా వాదన. ముందు అడగాల్సింది వేరే ఉంది: పని సగంలో ఆగిపోతే ఈ ఇంజన్ నా డేటాను ఏ స్థితిలో వదిలేస్తుంది? నెమ్మదితనం ఈ రోజు ఇబ్బంది పెడితే రేపు మెమరీ పెంచుకోవచ్చు, ఇండెక్స్ చేర్చుకోవచ్చు, క్వెరీ తిరగరాసుకోవచ్చు. తప్పిపోయిన లెక్కను మాత్రం ఏ మెషీనూ తిరిగి తెచ్చి ఇవ్వదు. ఇంకో కారణం కూడా ఉంది. ఒక ఇంజన్ చూపించే వేగంలో కొంత భాగం అది చేయకుండా వదిలేసిన పని వల్ల వస్తుంది. ఆ వదిలేసిన పని ఏమిటో తెలియకుండా వేగాలు పోల్చడమంటే రెండు వేర్వేరు పనులను ఒకే గడియారంతో కొలవడమే.

మైఎస్‌క్యూఎల్ 1995లో స్వీడన్‌లో మొదలైంది. క్వెరీని చదివి అర్థం చేసుకునే పై భాగాన్ని, వరుసలను దాచే కింది భాగాన్ని విడదీసి, కింది భాగాన్ని మార్చుకునే వీలు ఇవ్వడం దాని ప్రత్యేకత. చాలా ఏళ్లపాటు అందులో డిఫాల్టు ఇంజన్ మైఐసామ్. దాని మూలాలు 1960లలో ఐబీఎం తెచ్చిన ఐసామ్ పద్ధతిలో ఉన్నాయి. టేబుల్ నిర్మాణానికి ఒకటి, డేటాకు ఒకటి, ఇండెక్స్‌కు ఒకటి, మొత్తం మూడు ఫైళ్లు. సర్వర్ ఆపి ఆ మూడింటినీ కాపీ చేసుకుంటే బ్యాకప్ అయిపోయినట్టే. చవక మెషీన్ల మీద, కొద్దిపాటి మెమరీతో, చదివేవాళ్లు ఎక్కువగా రాసేవాళ్లు తక్కువగా ఉండే వెబ్‌సైట్లకు అది చక్కగా సరిపోయింది. అప్పట్లో వెబ్ అంత త్వరగా విస్తరించడంలో ఆ సరళతకూ వాటా ఉంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడడం న్యాయం కాదు. ఇన్నోడీబీ మాత్రం ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో, హెయిక్కి తూరి పెట్టిన ఇన్నోబేస్ అనే చిన్న కంపెనీలో తయారై, 2001లో మైఎస్‌క్యూఎల్‌లోకి వచ్చింది. బ్యాంకులు వాడే పెద్ద డేటాబేస్‌లలో ఉండే లావాదేవీ భద్రత అంతా దానితో పాటే వచ్చింది.

ఆ భద్రత అంటే ఏమిటో ఒక చిన్న పని దగ్గర నిలబడి చూద్దాం. ఒక ఖాతాలోంచి 500 రూపాయలు తీసి ఇంకో ఖాతాలో వేయాలి. డేటాబేస్‌కు ఇవి రెండు అప్‌డేట్‌లు: మొదటి వరుసలో 500 తగ్గించు, రెండో వరుసలో 500 పెంచు. మైఐసామ్ టేబుల్‌లో మొదటి అప్‌డేట్ అయిపోయి, రెండోది మొదలయ్యేలోపు సర్వర్ ఆగిపోయిందనుకోండి. మొదటి ఖాతాలో డబ్బు తగ్గింది, రెండో ఖాతాలోకి రాలేదు. అది సగంలో ఆగిన పని అని మైఐసామ్‌కు తెలిసే దారే లేదు, ఎందుకంటే ఆ రెండూ కలిస్తే ఒక పని అన్న భావనే దానికి లేదు. ఒకే అప్‌డేట్ అయినా ఇదే కథ. వెయ్యి వరుసల ధర పెంచమని ఒక కమాండ్ ఇచ్చి, మధ్యలో దాన్ని ఆపేస్తే కొన్ని వరుసలకు కొత్త ధర, మిగతావాటికి పాత ధర ఉండిపోతాయి. ఎక్కడిదాకా వచ్చి ఆగిందో మనమే వెతుక్కోవాలి. పైగా మైఐసామ్ తాను రాసింది డిస్క్‌కు చేరిందో లేదో చూసుకోదు, ఆ బాధ్యతను ఆపరేటింగ్ సిస్టమ్‌కు వదిలేస్తుంది. కరెంటు పోయినప్పుడు డేటా ఫైల్‌లో వరుస చేరి ఇండెక్స్ ఫైల్‌లో దాని ఆనవాలు చేరకపోతే టేబుల్ చెడిపోయినట్టు లెక్క. అప్పుడు రిపేర్ కమాండ్ వేసి కూర్చోవాలి. టేబుల్ ఎంత పెద్దదైతే ఆ రిపేర్ అంత పొడుగు, చివరికి కొన్ని వరుసలు దక్కకపోవచ్చు కూడా.

ఇన్నోడీబీ చేసేది పాతకాలం కొట్టు గుమాస్తా పద్ధతి. వచ్చిన వ్యవహారాన్ని ముందు చిట్టాలో వరుసగా రాసేసి, తీరిక చూసుకుని ఆవర్జాలో ఏ ఖాతాకు ఆ ఖాతాకు ఎక్కిస్తాడు గుమాస్తా. ఆవర్జా ఎక్కించడం సగంలో ఆగినా చిట్టా ఉంటే లెక్క తిరిగి కట్టొచ్చు. ఇన్నోడీబీలో రీడో లాగ్ అనే ఫైల్ ఆ చిట్టా. కమిట్ చేసినప్పుడు, అంటే పనిని ఖాయం చేయమన్నప్పుడు, మార్పు వివరం లాగ్‌లో పడి డిస్క్‌కు చేరాకే "అయింది" అని జవాబు వస్తుంది, అసలు టేబుల్ పేజీలు నెమ్మదిగా తర్వాత వెళ్తాయి. సర్వర్ కుప్పకూలి మళ్లీ లేచినప్పుడు లాగ్ చదివి, కమిట్ అయినవన్నీ పూర్తి చేసి, కమిట్ కాని వాటిని అన్‌డూ లాగ్ సాయంతో వెనక్కి తీస్తుంది. మన 500 రూపాయలు అటో ఇటో తేలతాయి, మధ్యలో వేలాడవు. ఈ కోలుకునే పని లాగ్‌లో మిగిలి ఉన్న మార్పులను బట్టి ఉంటుంది గానీ టేబుల్ మొత్తం పరిమాణాన్ని బట్టి ఉండదు. పెద్ద సంస్థకు ఈ ఒక్క తేడా చాలు. ఈ తరహా ఆలోచనను పూర్తి పద్ధతిగా మలిచిన ప్రసిద్ధ పరిశోధనాపత్రం 1992లో ఐబీఎం నుంచి ఏరీస్ పేరుతో వచ్చింది, దాని మొదటి రచయిత మద్రాసు ఐఐటీలో చదివిన సి. మోహన్. ఇంజనీరింగ్ కాలేజీల్లో డేటాబేస్ పాఠంలో ఆ పేరు విని, పరీక్ష అయ్యాక మరిచిపోయినవాళ్లు రోజూ వాడుతున్నది ఆ ఆలోచననే.

ఇంకో జాగ్రత్త చూడండి. ఇన్నోడీబీ డేటాను పేజీలుగా విడగొట్టి రాస్తుంది, ఒక్కో పేజీ మామూలుగా 16 కిలోబైట్లు. అంత పేజీనీ డిస్క్ ఒక్క దెబ్బకు రాస్తుందన్న హామీ లేదు. మొదటి నాలుగు కిలోబైట్లు పడి, మిగతావి పడేలోపు కరెంటు పోతే ఆ పేజీ పాతదీ కాదు, కొత్తదీ కాదు. అందుకని ఇన్నోడీబీ పేజీని ముందు డబుల్‌రైట్ అనే విడి చోట రాసి, తర్వాతే అసలు చోట రాస్తుంది. అంటే ఒక పేజీకి రెండు రాతలు, వాటికి ముందు లాగ్‌లో ఇంకోటి. ఇంత పని చేసే ఇంజన్‌ను, ఇందులో ఏదీ చేయని ఇంజన్‌తో పోల్చి "నెమ్మది" అనడం తేలిక. ఆ నెమ్మదిలో మనం కొనుక్కున్నదేమిటో కూడా ఆ లెక్కలో రాయాలి కదా.

సరే, వేగం సంగతే తీసుకున్నా పోటీ ఒకవైపే లేదు. మైఐసామ్ లాక్ వేస్తే మొత్తం టేబుల్‌కు వేస్తుంది. ఇన్నోడీబీ మార్చే వరుసలకే వేస్తుంది, మామూలుగా చదివేవాళ్లకు పాత ప్రతిని చూపిస్తుంది కాబట్టి వాళ్లు ఆగనక్కర్లేదు. ఒక్కరే పరీక్షించినప్పుడు ఈ తేడా కనపడదు, జనం పెరిగాకే బయటపడుతుంది. ఒక మైఐసామ్ టేబుల్ మీద ఎవరో నెలవారీ రిపోర్టు కోసం నలభై సెకన్లు పట్టే సెలెక్ట్ నడిపారనుకుందాం. అది చదువుతున్నంతసేపూ మిగతావాళ్లూ చదువుకోవచ్చు, ఇబ్బంది లేదు. ఐదో సెకనులో ఇంకెవరో ఒక్క వరుస మార్చడానికి అప్‌డేట్ పంపారు. రిపోర్టు అయ్యేదాకా అది ఆగాలి. అసలు చిక్కు ఇప్పుడు మొదలవుతుంది. మైఐసామ్ చదివేవాళ్లకంటే రాసేవాళ్లకు ముందు వరుస ఇస్తుంది కాబట్టి, ఆ అప్‌డేట్ తర్వాత వచ్చిన ప్రతి చిన్న సెలెక్టూ దాని వెనకే నిలబడాలి. మిల్లీసెకనులో అయిపోవాల్సిన పని ముప్పై ఐదు సెకన్లు ఆగుతుంది, వెబ్ సర్వర్ కనెక్షన్లు నిండిపోతాయి, సైట్ మొత్తం పడిపోయినట్టు కనిపిస్తుంది. చూడబోతే సీపీయూ ఖాళీ, డిస్క్ ఖాళీ. పరీక్షలో గెలిచిన ఇంజన్ అసలు రోజున ఇలా ఓడిపోవడం వెనక ఏ లోపమూ లేదు, అది తయారైన తీరే అంత.

ఇన్నోడీబీ నెమ్మదికి అందరూ చూపించే ఉదాహరణ టేబుల్‌లో వరుసలెన్నో లెక్కపెట్టే కౌంట్ క్వెరీ. షరతులేమీ లేని ఆ క్వెరీకి మైఐసామ్ వెంటనే జవాబిస్తుంది, ఎందుకంటే ఆ అంకెను రాసి పెట్టుకుంటుంది. ఇన్నోడీబీ ఏదో ఒక ఇండెక్స్ పొడుగునా నడిచి లెక్కపెట్టాలి. ఇది అసమర్థతలా కనిపిస్తుంది గానీ, కారణం ఆలోచిస్తే మెచ్చుకోవాలనిపిస్తుంది. ఒకరు పది వరుసలు చేర్చి ఇంకా కమిట్ చేయలేదు, మరొకరు ఐదు తీసేసి ఇంకా కమిట్ చేయలేదు. ఈ క్షణంలో టేబుల్‌లో ఎన్ని వరుసలున్నాయి? ఒక్కొక్కరికి ఒక్కో సరైన జవాబు ఉంది. అందరికీ చెల్లే ఒకే అంకె లేనప్పుడు దాన్ని రాసి పెట్టుకోవడం ఎలా కుదురుతుంది?

నా వాదనకు మొదటి అభ్యంతరం పాతదే, తొలినాళ్లలో మైఎస్‌క్యూఎల్ మాన్యువల్ కూడా దానివైపే మొగ్గింది: లావాదేవీల బరువు అందరికీ అక్కర్లేదు, అవసరమైన చోట టేబుల్‌కు లాక్ వేసుకుని, తప్పులు జరగకుండా ప్రోగ్రామ్‌లోనే చూసుకోవచ్చు. ఒకే ప్రోగ్రామ్, ఒకే బృందం, ఎప్పటికీ ఆగని సర్వర్ ఉంటే ఇది కుదురుతుందేమో. కానీ ప్రోగ్రామ్ తనకు తాను కాపలా కాయగలిగేది తాను బతికున్నంతసేపే. రెండు అప్‌డేట్‌ల మధ్య అదే చచ్చిపోతే వెనక్కి తీసేదెవరు? దానికి తోడు ఏడాది గడిచేసరికి అదే టేబుల్‌లోకి మొబైల్ యాప్ రాస్తుంది, రాత్రిపూట నడిచే స్క్రిప్ట్ రాస్తుంది, ఎవరో చేత్తో సరిదిద్దుతారు. కాపలా అన్ని చోట్లా ఒకేలా ఉండదు. మైఐసామ్‌లో ఫారిన్ కీ (ఆర్డర్‌లోని కస్టమర్ ఇంకో టేబుల్‌లో ఉండి తీరాలనే తరహా నిబంధన) రాస్తే ఏమవుతుందో తెలిస్తే ఈ ప్రమాదం ఇంకా బాగా అర్థమవుతుంది. కమాండ్‌ను ఒప్పుకుంటుంది, తప్పు చూపించదు, తర్వాత ఆ నిబంధనను అసలు పట్టించుకోదు. కస్టమర్ లేని ఆర్డర్లు టేబుల్‌లో చేరిపోతూనే ఉంటాయి, రాసినవాళ్లేమో తాళం వేశామన్న నమ్మకంతో ఉంటారు.

రెండో అభ్యంతరం కాస్త బలమైనది. మైఎస్‌క్యూఎల్ ఒక్కో టేబుల్‌కు ఒక్కో ఇంజన్ ఇస్తోంది కదా, డబ్బు లెక్కలు ఇన్నోడీబీలో, మిగతావి మైఐసామ్‌లో పెట్టుకుంటే రెండు లాభాలూ దక్కుతాయి కదా అంటారు. వినడానికి బాగుంది, కానీ రెండు ఇంజన్లూ ఒకే లావాదేవీలో కలిసిన రోజు చూడండి. ఆర్డర్ టేబుల్ ఇన్నోడీబీ, స్టాకు కదలికలు రాసే టేబుల్ మైఐసామ్. రెండింటిలోనూ రాశాక ఏదో తప్పు దొర్లి రోల్‌బ్యాక్ ఇచ్చారు. ఆర్డర్ వెనక్కి పోతుంది, స్టాకు కదలిక అలాగే ఉండిపోతుంది. సర్వర్ చెప్పేది ఒక హెచ్చరిక మాత్రమే, అది చాలా ప్రోగ్రామ్‌లు చదవనే చదవవు. అలాంటప్పుడు లేని ఆర్డర్‌కు తగ్గిన స్టాకు గోడౌన్‌లో లెక్క చూసే రోజు వరకూ బయటపడదు. ఎప్పటికీ మారని పాత డేటాను, మళ్లీ తయారు చేసుకోగలిగిన తాత్కాలిక లెక్కలను విడి ఇంజన్‌లో పెట్టుకోవడంలో మాత్రం నాకు తప్పేమీ కనిపించదు. అక్కడ పోయినా తిరిగి తెచ్చుకోవచ్చు, మొదట అడగాల్సిన ప్రశ్నకు అక్కడ జవాబు దొరికింది. ఒకప్పుడు పదాల వెతుకులాటకు కావాల్సిన ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ మైఐసామ్‌లోనే ఉండేది కాబట్టి తప్పక దాన్ని వాడేవారు. 5.6 వెర్షన్ నుంచి అది ఇన్నోడీబీలోకీ వచ్చేసింది కాబట్టి ఆ కారణం చెల్లదు.

మైఎస్‌క్యూఎల్ తయారీదారులు నడిచిన దారి కూడా ఇదే చెబుతోంది. 2005లో ఒరాకిల్ ఇన్నోబేస్‌ను కొనేసింది. పోటీదారు చేతిలో పడిన ఇంజన్ మీద ఆధారపడడం ఇష్టంలేక మైఎస్‌క్యూఎల్ వాళ్లు ఫాల్కన్ పేరుతో సొంత లావాదేవీల ఇంజన్ మొదలుపెట్టారు, అది నిలదొక్కుకోలేదు. 2008లో సన్ అనే కంపెనీ మైఎస్‌క్యూఎల్‌ను కొంది, 2010లో ఒరాకిల్ సన్‌నే కొంది, రెండూ ఒకే ఇంటికి చేరాయి. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన 5.5 వెర్షన్‌తో ఇన్నోడీబీ డిఫాల్టు ఇంజన్ అయింది. అయినా వినియోగదారుల పేర్లు, అనుమతులు దాచే సర్వర్ సొంత టేబుళ్లు ఇంకా మైఐసామ్‌లోనే ఉండేవి. 2018లో వచ్చిన 8.0 వెర్షన్ వాటినీ ఇన్నోడీబీలోకి మార్చి, టేబుల్ నిర్మాణాన్ని విడి ఫైళ్లలో ఉంచే పాత పద్ధతిని తీసేసింది. తన సొంత లెక్కలకు ఏ ఇంజన్‌ను నమ్ముతుందో సర్వరే తేల్చుకున్నాక మనం ఎక్కువ తర్జనభర్జన పడనక్కర్లేదు.

అలాగని డిఫాల్టును కళ్లు మూసుకుని పట్టుకోమని కాదు. ఇన్నోడీబీ టేబుల్ మొత్తాన్నీ ప్రైమరీ కీ క్రమంలోనే పేర్చి ఉంచుతుంది, మిగతా ప్రతి ఇండెక్స్‌లోనూ ఆ కీ ఒక ప్రతి ఉంటుంది. క్రమంగా పెరిగే చిన్న అంకె కీ అయితే కొత్త వరుసలు చివర చేరుతూ పోతాయి. క్రమం లేని పొడుగాటి కోడ్‌ను కీగా పెడితే ప్రతి కొత్త వరుసా ఎక్కడో మధ్యలో దూరాలి, పేజీలు చీలాలి, ఇండెక్స్‌లన్నీ లావెక్కాలి. కమిట్ చేసిన ప్రతిసారీ లాగ్‌ను డిస్క్‌కు చేర్చాలా, సెకనుకోసారి చాలా అన్నది కూడా ఒక సెట్టింగ్‌తో మార్చుకోవచ్చు. సెకనుకోసారి అంటే కరెంటు పోయినప్పుడు చివరి సెకను పని పోవచ్చని ఒప్పుకోవడం. చెల్లింపులకు అది ఒప్పుకోకూడదు. ఎవరు ఏ పేజీ చూశారో నమోదు చేసే టేబుళ్లకు ఒప్పుకోవచ్చు. ఎంత పోవచ్చో ముందే తెలిసి ఒప్పుకోవడానికీ, ఏం పోయిందో తెలియకుండా పోగొట్టుకోవడానికీ మధ్య ఉన్న దూరాన్ని చిన్నదనుకోకూడదు.

డిఫాల్టును వదలడానికి సరైన కారణం ఎలా ఉంటుందో ఫేస్‌బుక్ ఉదంతం చూపిస్తుంది. కోట్లమంది పోస్టులు, లైకులు, స్నేహాలు దాచే వాళ్ల ప్రధాన డేటాబేస్ ఇన్నోడీబీ మీద నడిచేది. ఫ్లాష్ డిస్క్‌లకు మారాక వాళ్లకు వేగం కంటే చోటు కరువైంది. ఇన్నోడీబీ వాడే బీ-ట్రీలో పేజీలు చీలినకొద్దీ సగం ఖాళీగా మిగిలేవి చాలా ఉంటాయి, ఒక చిన్న మార్పుకు కూడా మొత్తం పేజీని తిరిగి రాయాలి. అందుకని తామే తయారు చేసుకున్న రాక్స్‌డీబీని మైఎస్‌క్యూఎల్‌కు జోడించి మైరాక్స్ అనే ఇంజన్‌గా మలిచారు. ఇందులో మార్పులు ముందు మెమరీలో చేరి, క్రమంలో పేర్చిన ఫైళ్లుగా డిస్క్‌కు వెళ్లి, తర్వాత వెనకాల ఒకదానితో ఒకటి కలిసిపోతుంటాయి. 1996లో ప్రతిపాదించిన ఎల్‌ఎస్‌ఎం-ట్రీ దీనికి ఆధారం. పట్టే చోటు సగానికి పైగా తగ్గింది. దానికి ధరగా కొన్ని రకాల చదివే పనులు, ముఖ్యంగా వరుసలను ఒక మూల నుంచి ఇంకో మూలకు వెతికేవి, బరువెక్కాయి. ఇక్కడ గమనించాల్సింది, వాళ్లు కరెంటు పోతే ఏమవుతుందన్న ప్రశ్నను పక్కన పెట్టలేదు. లావాదేవీలు, లాగ్ రెండూ మైరాక్స్‌లోనూ ఉన్నాయి. ఆ హామీ చేతిలో ఉన్నాకే చోటు లెక్కలోకి దిగారు, అసలు ట్రాఫిక్‌తో పోల్చి చూసుకుంటూ మెల్లగా మారారు. చోటు సంగతి తెలుగు రాసే మనకూ పడుతుంది. యూటీఎఫ్-8లో తెలుగు వర్ణానికీ గుర్తుకూ మూడేసి బైట్లు కావాలి, "శ్రీ" ఒక్కటే 12 బైట్లు. అయితే ఆ మూడింటిలో మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండోది ఉన్న రెండిట్లో ఒకటి. కాబట్టి కుదించి దాచే ఇంజన్‌కు తెలుగు పాఠం బాగానే లొంగుతుంది.

ఇంజన్లు మార్చుకునే వీలే లేకుండా పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ ఇన్నేళ్లు నెగ్గుకొచ్చింది, మరి ఈ ఎంపిక అంతా అనవసర శ్రమ కాదా అని అడిగేవాళ్లున్నారు. 2019లో వచ్చిన 12వ వెర్షన్ దాకా అందులో టేబుల్ దాచే పద్ధతి ఒక్కటే, దానిలో లావాదేవీ భద్రత మొదటి నుంచీ భాగం. నిజానికి ఈ అభ్యంతరం నా వాదనకే బలం. భద్రత విషయంలో ఎంపికే ఇవ్వని డేటాబేస్‌కు అందువల్ల నష్టమేమీ రాలేదు. ఎంపిక మాత్రం అక్కడా మాయం కాలేదు, డేటాబేస్‌ను ఎంచుకునే చోటికి జరిగింది. పోస్ట్‌గ్రెస్ మారిన వరుస పాత ప్రతిని టేబుల్‌లోనే ఉంచి, వాక్యూమ్ అనే పనితో తర్వాత శుభ్రం చేస్తుంది. ఇన్నోడీబీ పాత ప్రతిని అన్‌డూ లాగ్‌లోకి పంపుతుంది. ఒకే వరుసను పదేపదే మార్చే పనికి ఈ తేడా చిన్నదేం కాదు, పోస్ట్‌గ్రెస్ నుంచి మైఎస్‌క్యూఎల్‌కు ఎందుకు మారిందో 2016లో ఉబర్ చెప్పిన కారణాల్లో ఒక చిన్న మార్పుకు ఎన్ని రాతలు పడుతున్నాయన్నది ముఖ్యమైనది.

ఏళ్లుగా నడుస్తున్న మైఎస్‌క్యూఎల్ సర్వర్ చేతికొచ్చినవాళ్లు ముందుగా ఏ టేబుల్ ఏ ఇంజన్‌లో ఉందో చూడాలి. షో టేబుల్ స్టేటస్ అనే కమాండ్ చాలు. ఇన్నోడీబీ అని రాసిన టేబుల్ మైఐసామ్‌గా కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు: పాత వెర్షన్లలో సెట్టింగ్ తప్పి ఇన్నోడీబీ లేవకపోతే, సర్వర్ ఒక హెచ్చరికతో సరిపెట్టి టేబుల్‌ను మైఐసామ్‌లో కట్టేసేది. మార్చడానికి ఆల్టర్ టేబుల్ ఒక్కటి సరిపోతుంది, కాకపోతే అది టేబుల్‌ను మొత్తం కొత్తగా రాస్తుంది కాబట్టి డిస్క్‌లో అంత ఖాళీ ఉండాలి, ఆ కాసేపు రాతలు ఆగుతాయి. మార్చిన మర్నాడు "ఇన్నోడీబీ నిజంగానే నెమ్మది" అన్న మాట వినిపిస్తే మెమరీ సెట్టింగ్‌లు చూడండి. మైఐసామ్ ఇండెక్స్‌ల కోసం కేటాయించిన కీ బఫర్ ఇప్పుడు ఎవరికీ పనికిరాకుండా మెమరీని పట్టుకుని ఉంటుంది. ఇన్నోడీబీ డేటానూ ఇండెక్స్‌లనూ కలిపి దాచుకునే బఫర్ పూల్ డిఫాల్టుగా 128 మెగాబైట్లే. మొదటిదాన్ని బాగా తగ్గించి, రెండోదానికి సర్వర్ మెమరీలో సింహభాగం ఇచ్చాక కొలిచిన కొలతనే లెక్కలోకి తీసుకోవాలి.